నయమైన పశువులో నిలిచియుండు రోగము

పాడిబర్రె జ్వరపడి, రెండు మూడు దినములు మేత మాని, కండ్లవెంటను ముక్కువెంటను నీరు కార్చి, పిమ్మట తేరుకొని నెమరు వేయనారంభించెనేని, గండము గడిచినదని రైతు నిశ్చింతగా నుండును. పెక్కు రోగముల విషయమున ఆ నిశ్చింత తగినదే. కాని కొన్ని రోగములందు పశువు నయమగునుగాని రోగబీజము పశువును వీడిపోదు. అది ఒంటిలోనే యొక మూల అణగియుండి, సంవత్సరముల తరువాత మరల బయలుదేరి, పక్కగాట నున్న పశువునకు అంటుకొనును. అంతవరకు ఆ పశువును చూచినవా రెవ్వరును దానిని రోగి యనలేరు. ఈ తీరున వర్తించు వైరసులకు హెర్పిస్ జాతి వైరసులని పేరు. పశుదేహముయొక్క కావలిని అవి యెట్లు తప్పించుకొనునో తెలిసికొన్నచో, అంగడిలో పశువును కొనునట్టి మన పద్ధతియు, అందులకు అప్పిచ్చునట్టి మన సంఘముల పద్ధతియు ఎంత గ్రుడ్డివో తేటపడును. ఆ పద్ధతి మారవలెనని సభ్యులకు మనవి చేయుటకే యీ వ్యాసము వ్రాయబడినది.

పేరు క్రొత్తగా తోచినను జాతి మనకు క్రొత్తది కాదు. చిన్నతనమున ఆటలమ్మ పోసినవారిలో కొందరికి ఏబది అరువది యేండ్ల వయస్సున నడుముచుట్టును పొక్కుల వరుస లేచి మంటపెట్టుట మన మెరుగుదుము. దానిని సర్పి యందురు. ఆటలమ్మను కలిగించిన వైరసే అన్ని యేండ్లును వెన్నెముక దాపున నాడులలో దాగియుండి, దేహబలము తగ్గినప్పుడు నాడి వెంబడి చర్మమునకు ప్రాకి సర్పియై తేలును. హెర్పిస్ అను పేరు ప్రాకుట యను అర్థముగల గ్రీకు మాటనుండి పుట్టినది. మన సర్ప శబ్దమును ఆ మాటయు ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పాము పుట్టలో నున్నట్లు ఇది నాడిలో నుండును గనుక పేరు తగినట్లే యున్నది.

పశువులలో ఈ జాతికి చెందిన ముఖ్యమైన వైరసు ఆవులకును బర్రెలకును ఐ.బి.ఆర్. అను రోగమును తెచ్చునది. దాని పూర్తి పేరు ఇన్‌ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్. ముక్కును శ్వాసనాళమును వాపెక్కించు అంటురోగమని భావము. ముక్కులోపలి పొర ఎర్రబారుటచేత అమెరికా పశుపోషకులు దీనిని ఎర్రముక్కు అని పిలిచిరి. ఈ వ్యాసమున మనమును ఆ పేరే వాడుకొందము. అచ్చట 1950 తరువాతి సంవత్సరములలో కొలరాడో మొదలైన ప్రాంతముల మందలలో ఇది బయటపడగా 1956లో వైరసును వేరుపరచిరి. మన దేశమున 1976లో ఉత్తరప్రదేశమున దీనిని మొదట గుర్తించిరి. అటుపిమ్మట మన తెలుగునాటితో సహా అనేక రాష్ట్రములలో రక్తపరీక్షల వలన దీని జాడ కనబడినది.

ముక్కు కారుటయే ఈ రోగమునకు సర్వస్వమైనచో ఇంత చెప్పవలసిన పనిలేదు. రైతును కూలదోయునది దీని రెండవ రూపము. చూడిపశువు ఐదవ నెలకును ఎనిమిదవ నెలకును నడుమ ఈసుకొనిపోవుట, దాటించిన పశువు కట్టక మరల మరల పొర్లుట, యోనిలో పొక్కులు లేచుట దీని పనులే. జ్వరము తగ్గిన కొన్ని వారములకు, ఒక్కొకప్పుడు రెండు మూడు నెలలకు గర్భము పోవును గనుక ఈ రెండింటికిని సంబంధము కలదని రైతు ఎరుగడు. దిష్టి తగిలెననియో, చెడుమేత తినెననియో తలంచును. ఐనను ఈసుకొనిపోయిన ప్రతి పశువునకును ఎర్రముక్కే కారణమనరాదు. బ్రూసెల్లా అను బాక్టీరియా వలనను అట్లే జరుగును, అది మనుష్యులకును అంటును. కావున చేతులకు తొడుగులు లేక పడిపోయిన పిండమునుగాని మాయనుగాని ముట్టరాదు. పాలను కాచక త్రాగరాదు. ఎర్రముక్కు వైరసు మాత్రము మనుష్యులకు అంటదు.

దీని స్వభావము తెలియుటకు మరియొక రోగముతో పోల్చి చూడవలెను. పశువుల ప్లేగు అనబడిన రిండర్‌పెస్టు మన తాతలనాడు కొట్టములకు కొట్టములనే ఖాళీ చేసినది. ముక్తేశ్వర పరిశోధనాలయమున ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు మేకలలో పెంచిన వైరసుతో టీకాను సిద్ధపరచెను. ఆ టీకాయు, తరువాత వచ్చిన మేలైన టీకాయు ఊరూర వేయగా 1995 తరువాత మన దేశమున ఆ రోగము కనబడలేదు. 2006లో భారతదేశము దానినుండి విముక్తమైనదని నిర్ణయించిరి. 2011లో లోకమంతటను అది అంతరించినదని ప్రకటించిరి. ఇంతటి విజయము టీకా గొప్పతనము వలన మాత్రమే కలుగలేదు, శత్రువు స్వభావమును అందులకు తోడ్పడినది. ప్లేగు తగిలిన పశువు చచ్చునో బ్రదుకునో కొలది వారములలో తేలిపోవును. బ్రదికినదానిలో వైరసు మిగులదు, జన్మమున మరల ఆ రోగము రాదు. దాగుటకు చోటులేని శత్రువును తరిమివేయవచ్చును. ఎర్రముక్కు వైరసు అట్టిది కాదు. ఒక పర్యాయము టీకా వేసినచో ఇదియు ప్లేగువలె పోవునని యెవరైన చెప్పినచో నమ్మవలదు.

పశుదేహమునకు సామాన్యముగా మూడు విధములైన కావలి కలదు. వైరసు లోపల ప్రవేశింపగానే ఆ కణము మొదట దండోరా వేయును. అనగా ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడిచి, ఇరుగుపొరుగు కణములను తలుపులు బిగించుకొనుమని హెచ్చరించును. ఈ పదార్థము 1957లో కనుగొనబడినది. రెండవది తనిఖీ. ప్రతి కణమును తనలో తయారగుచున్న మాంసకృత్తుల తునకలను ఎల్లప్పుడును తన పైపొరమీద పెట్టి చూపుచుండును. నాకాయొద్ద బండిని ఆపి సరకు విప్పి చూపినట్లే యిది. రక్తములో తిరుగు కావలికణములు ఆ తునకలను తడిమి చూచి, వైరసు తునక కనబడినచో ఆ కణమును అచ్చటనే చంపివేయును. మూడవది ప్రతిరక్షకములు, ఇవి రక్తమునందును చీమిడియందును ఉండి, కణముల వెలుపల దొరికిన వైరసును పట్టి పనికిరాకుండ చేయును.

ఎర్రముక్కు వైరసు ఈ మూడింటికిని మూడు ఉపాయములు ఎరిగియున్నది. దండోరాను ఆపుటకు, ఇంటర్‌ఫెరాన్ తయారుచేయుమని ఆజ్ఞ మోసికొనిపోవు మాంసకృత్తినే ముందుగా నశింపజేయును; తలారి గడప దాటకముందే డప్పు పగులగొట్టినట్లు. రెండవ యుపాయము మరింత విచిత్రము. మాంసకృత్తుల తునకలు కణము లోపలినుండి పైపొర చేరుటకు నడుమ ఒక ద్వారము కలదు; దానిని శాస్త్రజ్ఞులు టాప్ అందురు. వైరసు చేయు చిన్న మాంసకృత్తు ఒకటి ఆ ద్వారమును మూసివేయుటయేగాక దానిని కూల్చియు వేయును. నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతిని వివరించిరి. అట్టి కణము పైకి చూపుటకు తునకలే యుండవు. కావలికణము వచ్చి తడిమి, వైరసు గుర్తు కానరాక, దాటిపోవును. ఇక మూడవ యుపాయము: వైరసు ఒక కణమునుండి వెలుపలికి రాకయే, గోడకు కన్నము వేసినట్లు, ఆనుకొనియున్న కణములోనికి నేరుగా చొరబడును. వెలుపల కాచియున్న ప్రతిరక్షకములకు అది చిక్కదు. ఈ చొరబాటునకు తోడ్పడు మాంసకృత్తులలో ఒకదాని పేరు జీఈ. చదువరులు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. తరువాత దీనితో పని యున్నది.

అంతటితోను ఆగక, కావలి పనిని నడిపించు రక్తకణములలోనికే దూరి వానిని చంపును. అందువలన కొన్ని దినములు పశువునకు కాపు సన్నగిలును. ముక్కులోను గొంతులోను ఎల్లప్పుడు నుండు మామూలు బాక్టీరియా ఆ అదను చూచి ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలిగించును. దూరదేశమునుండి లారీలో తెచ్చిన పశువు దిగిన వారము పదిదినములకే దగ్గుచు రొప్పుచు చచ్చుటకు ఇది యొక కారణము.

ఈ యుపాయములన్నియు కొలది దినముల పోరాటమునకే. రెండు వారములు గడుచునప్పటికి దేహమే గెలిచి, ముక్కులోని వైరసును తుడిచివేయును. కాని అప్పటికే జరుగవలసిన మోసము జరిగియుండును. ముక్కులోని నాడుల కొనలలో దూరిన వైరసు ఆ నాడిత్రాటి వెంబడి ప్రాకి పుర్రె అడుగుననున్న నాడీకణముల ముడిని చేరును. యోనిమార్గమున దూరినదైతే తోకమూలము చెంతనున్న ముడిని చేరును. అచ్చట తన జన్యుపదార్థమును చుట్టగా చుట్టి పెట్టి, తక్కిన పనులన్నియు మానివేయును. క్రొత్త వైరసులను పుట్టింపదు, తన మాంసకృత్తులను తయారుచేయదు. చేయనప్పుడు పైపొరపై చూపుటకు తునకలేమి యుండును? కావలికి పట్టుకొనదగిన గుర్తే లేదు. పైగా నాడీకణము పోయినచో మరల పుట్టదు గనుక దేహము ఆ కణములమీద చేయిచేసికొనుటకు వెనుదీయును. గుడిలో దూరిన దొంగను గుడిని కూల్చి పట్టలేము గదా.

ఇట్లు ఒకసారి తగిలిన పశువు జీవితాంతము వైరసును మోయును. ఈనుట, దూరప్రయాణము, ఆకలి, ఎండదెబ్బ, మరియొక రోగము, క్రొత్త కొట్టము, క్రొత్త మనుష్యులు - పశువునకు ఏ కష్టము కలిగినను కార్టిసాల్ అను స్రావము దేహములో పెరుగును, కావలి సడలును. అప్పుడు వైరసు నిద్రలేచి వచ్చిన త్రోవనే మరల ముక్కునకు దిగి చీమిడిలో వెలువడును. ఆ పశువునకు తరచుగా జ్వరము కూడ రాదు, ఏలయనగా పాత ప్రతిరక్షకములు దానిని కాపాడుచుండును. కాపులేనిది దాని ప్రక్కన నీళ్ళతొట్టిలో మూతిపెట్టిన పశువు.

ఇక మన వ్యవహారమునకు వత్తము. నర్మెట్ట ప్రాంతము మెట్టభూమి. వానలు చాలని యేట పంటకంటె పాడియే సంసారమును నిలుపును. దేవాదుల ఎత్తిపోతల వలన గోదావరి నీరు చేరిన తావులందు పచ్చిమేత పెంచుటకు వీలుచిక్కి, ముఱ్ఱాజాతి బర్రెలపై రైతులకు ఆశ హెచ్చినది. 2018లో తెలంగాణ ప్రభుత్వము విజయ, ముల్కనూరు, కరీంనగరము, నార్ముల్ డెయిరీలకు పాలుపోయు రైతులకు సగము ధరయు, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని నూటికి 75 వంతులును సబ్సిడీగా నిచ్చి పాడిపశువులను కొనిపించు పథకమును పెట్టెను. ఇతర రాష్ట్రములనుండియు పశువులను తెచ్చిరి. పథకముయొక్క మంచిచెడ్డలు ఇచ్చటి ప్రస్తావన కాదు. లారీలో దినముల తరబడి నిలబడి, కడుపునిండ నీరు త్రాగక, ఎరుగని కొట్టములో దిగిన చూడిబర్రెను తలచుకొనుడు. ఈ వైరసు నిద్రలేచుటకు అంతకంటె అనువైన సమయము మరి యుండదు.

అంగడిలో మనము పశువును కొను తీరు చూడుడు. పండ్లు పట్టి చూతుము, పొదుగు నిమిరి చూతుము, సుడులు చూతుము, రెండు పూటలు పాలు పిండించి చూతుము. "ఎన్నవ ఈత?" అని అడుగుదుము. ఎన్నడైన ఈసుకొనిపోయినదా యని అడుగువాడు అరుదు. అడిగినను నిజము చెప్పువాడు మరింత అరుదు. ఇందులకు అమ్మువానిని మాత్రమే దూషించుట న్యాయము కాదు. సంఘపు అప్పుతో ఒక సభ్యుడు 80,000 రూపాయల బర్రెను కొనెననుకొందము. ఏడవ నెలలో అది ఈసుకొనిపోయెను. ఆ యీత పాలు పోయినవి. మరల ఎదకు వచ్చి, కట్టి, పదినెలలు మోసి ఈనవలెనన్నచో ఏడాది దాటును. అంతకాలము మేత తప్పదు, కిస్తు తప్పదు. ఎట్లయిన వదిలించుకొందమని అతడు నాలుగూళ్ళ కవతలి అంగడికి దానిని తోలును. పొదుగు బాగున్నది, పండ్లు బాగున్నవి. మధ్యాహ్నమునకు బేరము తెగును. కొన్నవాడును మనవంటి రైతే, అతడు చెల్లించిన పైకమును ఒక సంఘపు అప్పే. అనగా సంఘములు ఒక చేత రోగమును కొనిపించుచు, మరియొక చేత అమ్మించుచున్నవి. ఒకని అప్పునకు మరియొకడు జామీను నిలుచుట సంఘములలో కాగితముమీద జరుగును. ఈ రోగము విషయమున కాగితము లేకయే ఊరంతయు జామీను నిలిచియున్నది.

కావున సంఘపు ధనముతో కొనబడు ప్రతి పాడిపశువునకును, సొమ్ము చెల్లింపకముందే, అమ్మువాని యొద్దనే రక్తపరీక్ష జరుగవలెనని నా అభిప్రాయము. ఎలిసా అను పరీక్షచే రక్తములో ఈ వైరసునకు సంబంధించిన ప్రతిరక్షకములు ఉన్నవో లేవో తెలియును. టీకా వేయని పెద్దపశువులో అవి యున్నచో అది వైరసును మోయుచున్నదని ఎంచుకొనవలెను. ఒక చిక్కు మాత్రము కలదు. నిన్న మొన్న అంటుకొన్న పశువు రక్తములో ప్రతిరక్షకములు ఇంకను పుట్టియుండవు. అందుచేత ఇల్లు చేరిన పశువును నెలదినములు వేరుగా కట్టి, మూడు నాలుగు వారములకు రెండవసారి పరీక్షింపవలెను. వేరుగా కట్టుట యనగా అదే కొట్టములో మరియొక గుంజకు కట్టుట కాదు. తొట్టి వేరు, గంప వేరు, ముక్కునకు ముక్కు తగులరానంత దూరము. అంత చోటు చిన్నరైతు ఇంట నుండదని నే నెరుగుదును. సంఘమే ఊరి వెలుపల ఒక పాకవేసి క్రొత్త పశువులను నెలదినములు అందులో నిలిపినచో పదిమందికిని పనికివచ్చును. గోదాములు కట్టిన సంఘములకు పాక భారము కాదు. పరీక్ష వ్యయము బర్రె వెలలో అత్యల్ప భాగము.

"మన ఊళ్ళ పశువులలోనే యీ రోగము ఇదివరకే యున్నచో, క్రొత్తదానిని పరీక్షించి లాభమేమి?" అని కొందరడుగవచ్చును. ఈ ప్రశ్న సమంజసమైనదే. స్విట్జర్లాండు, డెన్మార్కు వంటి దేశములు తగిలిన పశువులను పరీక్షించి ఏరి, వధించి, 1990వ దశకము ఆరంభమునకు ఈ రోగమును తొలగించుకొనినవి. ఆ మార్గము మనది కాదు. ఆవు విషయమున చట్టమొప్పదు. ఆవైనను బర్రెయైనను, పాలిచ్చు పశువును చంపుటకు మనసొప్పదు, పెట్టుబడియు ఒప్పదు. ఐనను అన్ని కొట్టములలోను అన్ని పశువులును తగిలినవి కావు. తగిలినదానిని తెచ్చి తగులనివాని నడుమ కట్టుట మానుట మన చేతిలోని పని. పరీక్షలో దొరికిన మన సొంతపశువును తరుమవలసిన పనిలేదు. అది పాలిచ్చును, ఈనును. దానిని ఆంబోతునకు గాని దున్నకు గాని దాటింపరాదు, మందలో పడ్డల నడుమ కట్టరాదు, అంగడికి తోలరాదు.

అమ్మక తప్పనివా డేమి చేయవలెను? చెప్పి అమ్మవలెను. చెప్పినచో ధర పడిపోవును. సత్యము చెప్పినవానికి నష్టము, దాచినవానికి లాభము కలుగుచున్నంతకాలము ఈ వ్యాపారమున సత్యము వినబడదు. ఎన్ని ఉపన్యాసములు చెప్పినను ప్రయోజనముండదు. ఆ పడిపోయిన ధరను ఒక్క రైతే యేల మోయవలెను? పాలు కొలుచునప్పుడు లీటరునకు ఐదో పదో పైసలు పట్టి సంఘము ఒక పశునష్టనిధిని ఏర్పరచి, పరీక్ష చేయించుకొని దాపరికము లేక చెప్పిన సభ్యునకు తరిగిన ధరలో కొంత భాగము ఈయవలెను. ఈసుకొనిపోయిన పశువునుండి నమూనాలను పశువైద్యశాలకు అందజేసిన సభ్యుని కిస్తును ఆ యీతవరకు వాయిదా వేయవలెను. పరీక్షకంటెను టీకాకంటెను ఈ నిధియే ముఖ్యమని నేను తలంచుచున్నాను. మనకు దాపుననే ముల్కనూరులో 1956లో పుట్టిన సహకార సంఘమును, 2002లో స్త్రీలు స్థాపించుకొన్న పాడి సంఘమును ఉన్నవి. పైసపైస కూర్చి పెద్దపని చేయవచ్చునా యని సందేహించువారు అటు చూడవచ్చును.

సూదిమందుల విషయమున ఒక హెచ్చరిక అవసరము. పశువు ఏమాత్రము నలతగా నున్నను డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ సూదిని పొడుచు అలవాటు పల్లెలలో కలదు. పొడిచిన మరునాడు పశువు చురుకుగా లేచి మేయును, పొడిచినవానికి పేరు వచ్చును. కాని ప్రయోగశాలలలో నిద్రించుచున్న ఎర్రముక్కు వైరసును కావలెనని లేపుటకు శాస్త్రజ్ఞులు వాడునది సరిగా ఈ మందే. అది కార్టిసాల్ చేయు పనినే మరింత బలముగా చేసి కావలిని పండుకొనబెట్టును. నెలలు నిండవచ్చిన చూడిపశువునకు పొడిచినచో వైరసు లేకున్నను గర్భము పోవచ్చును. ఆ మందునకు తగిన చోట్లు కలవు, వానిని పశువైద్యుడు నిర్ణయింపవలెను. సూదిలో నేమున్నదని అడుగుటకు రైతు మొగమాటపడరాదు. మందు పేరును చీటిపై వ్రాయించుకొనవలెను.

ఊరి ఆంబోతు సంగతి మరియొకటి. దేవుని పేర విడిచిన ఆంబోతును అడ్డగించుమని నేను చెప్పబోను. కాని ఒక పశువు యోనిలోని పొక్కులనుండి వైరసును తెచ్చికొని పది పశువులకు పంచుటకు ఆంబోతును మించిన వాహనము లేదు. వీర్యము ద్వారా కూడ ఈ వైరసు వ్యాపించును, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించినను చావదు. అందుచేతనే వీర్యకేంద్రములకు విధించిన నియమములలో ఎర్రముక్కు పరీక్ష చేరియున్నది. గోపాలమిత్ర వచ్చి సూది వేసినప్పుడు ఆ వీర్యపుగొట్టము ఏ కేంద్రమునుండి వచ్చినదో, దానిపై ముద్రించిన సంఖ్య యేమో వ్రాసి పెట్టుకొనుట మంచిది.

గొర్రెలు, కోళ్ళు పెంచువారికి రెండు మాటలు. గొర్రెలలో ఒక హెర్పిస్ వైరసు వాని కేమియు హాని చేయక కాపురముండును. అదే ఆవునకో బర్రెకో అంటినచో తీవ్రజ్వరముతో, కండ్లు తెల్లబారి, తరచుగా చచ్చును. మన దేశమున కాశ్మీరములోను, పొరుగున కర్ణాటకములోను దీనిని గుర్తించిరి. 2017 నుండి గొర్రెల పంపిణీ వలన మందలు పెరిగిన ఊళ్ళలో గొర్రెలను పాడిపశువులతో ఒకే కొట్టమున కట్టకుండుట మేలు. కోళ్ళలో మారెక్ అను హంగరీ పశువైద్యుడు 1907లో వర్ణించిన రోగము ఈ జాతిదే. పిల్ల పొదిగిన దినముననే వేయు టీకా దానికి కలదు. టీకా కోడిని కాపాడునుగాని వైరసు అంటకుండ ఆపలేదు. టీకా వేసిన కోడి బాగుగనే యుండి ఈకల పొట్టుతో వైరసును వెదజల్లుచుండును. వేయని నాటుకోళ్ళను వాని చెంత పెంచువారు ఈ సంగతి ఎరిగియుండవలెను.

ఇక ఎర్రముక్కు టీకా. సామాన్యమైన టీకాతో ఒక ఇబ్బంది కలదు: టీకా వేసిన పశువునందును ప్రతిరక్షకములు పుట్టును గనుక, తగిలినదేదో టీకా వేసినదేదో పరీక్షకు తెలియదు. జీఈని గుర్తుంచుకొనుమంటిమి గదా, అది ఇచ్చట పనికివచ్చును. టీకాకు వాడు వైరసునుండి ఆ జీఈని తీసివేసిరి. రోగము తగిలిన పశువు రక్తములో జీఈపై ప్రతిరక్షకములుండును, టీకా మాత్రమే వేసినదానిలో ఉండవు. వైరసు తప్పించుకొనుటకు వాడిన పనిముట్టే దానిని పట్టియిచ్చు గుర్తుగా మారినది. ఇట్టి టీకాను ఐరోపాలో విరివిగా వాడిరి. జర్మనీ 2017లో ఈ రోగమునుండి విముక్తమైనది. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదున నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఇటీవలి సంవత్సరములలో ఇట్టి టీకాను మన దేశముననే తయారుచేసినది. నాడిలో దాగిన వైరసును ఈ టీకాయు తీసివేయలేదు; కాని తగిలిన పశువు మరల వెదజల్లు వైరసును తగ్గించును, తగులనిదానికి కొంత కాపునిచ్చును. 2019లో కేంద్రప్రభుత్వమువారు ఆరంభించిన ఉచితపు టీకాల కార్యక్రమము గాలికుంటునకును బ్రూసెల్లాకును ఉద్దేశింపబడినది. ఎర్రముక్కు అందులో లేదు. కావున ఈ ఖర్చు సంఘమే పెట్టుకొనవలసియున్నది. ఏ మందలో వేయవలెనో, ఏ వయసున వేయవలెనో ముందు రక్తపరీక్ష జరిగిన పిమ్మట పశువైద్యాధికారి చెప్పవలెను. మామునూరున పశువైద్య కళాశాల యున్నది. పరీక్షల ఏర్పాటును గూర్చి సంఘముల పక్షమున అచ్చటివారికిని, హైదరాబాదు ప్రయోగశాలలకును వ్రాసి తెలిసికొనుట కష్టమైన పని కాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున పశునష్టనిధి ప్రతిపాదనతోపాటు మరియొక చిన్న మార్పును చర్చకు పెట్టుమని కార్యవర్గమును కోరుచున్నాను. పశువుల అప్పు దరఖాస్తులో ఇప్పుడు పశువు రంగు, కొమ్ముల తీరు, ఈతల సంఖ్య, ధర వ్రాయుచున్నాము. వాని క్రింద రెండు గడులు చేర్చవలెను: ఈ పశువు ఎన్నడైన ఈసుకొనిపోయినదా, ఐనచో ఎన్నవ నెలలో, అని అమ్మువాని సంతకముతో ఒకటి, రక్తపరీక్ష జరిగిన తేదియు ఫలితమును వ్రాయుటకు మరియొకటి. ఆ రెండు గడులును నిండనిదే సొమ్ము విడుదల చేయరాదు.